ఓడ ఏ రేఖాంశం మీద ఉందో ఎలా తెలుస్తుంది?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. అక్షాంశం కనుక్కోవడం పాతకాలం నుంచీ సులువే, రేఖాంశం మాత్రం వందల ఏళ్ళు కొరకరాని కొయ్యగా ఉండిపోయిందని చదివారు. రెండూ మనం గీసుకున్న గీతలే కదా, ఈ తేడా ఎందుకు అన్నది మొదటిది. నడిసముద్రంలో దాన్ని నిజంగా ఎలా లెక్కిస్తారన్నది రెండోది. మర్చంట్ నేవీ కోర్సులో చేరబోతున్న మీ తమ్ముడు జీపీఎస్ ఉండగా ఇదంతా నేర్చుకోవాలా అన్నది మూడోది. నేను సరుకు ఓడల మీద నావిగేటింగ్ ఆఫీసర్‌గా చేసి, ఇప్పుడు విశాఖలో క్యాడెట్లకు ఈ పాఠమే చెబుతున్నాను కాబట్టి రెండోదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అక్షాంశాన్ని ఆకాశమే చూపిస్తుంది. భూమి తిరిగే ఇరుసుకు రెండు కొసలున్నాయి, అవే ధ్రువాలు. వాటికి సరిగ్గా మధ్యన భూమధ్యరేఖ. ఇందులో మనం నిర్ణయించింది ఏమీ లేదు. విశాఖలో రాత్రి ఉత్తరం వైపు చూస్తే ధ్రువ నక్షత్రం దిగంతం నుంచి సుమారు 17.7 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. విశాఖ అక్షాంశం కూడా అంతే. కన్యాకుమారిలో అది 8 డిగ్రీల దగ్గరకు దిగిపోతుంది, శ్రీనగర్‌లో 34కి ఎక్కుతుంది. పగలైతే మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి, ఆ తేదీకి సూర్యుడి క్రాంతి (భూమధ్యరేఖకు ఎన్ని డిగ్రీలు ఉత్తరానో దక్షిణానో ఉన్నాడన్నది) ఎంతో పట్టికలో చూసుకుంటే చాలు. ఒక కూడిక, ఒక తీసివేత. గడియారంతో పని లేదు.

రేఖాంశానికి అలాంటి పట్టు దొరకదు. ధ్రువం నుంచి ధ్రువానికి గీసిన అర్ధవృత్తాలు బత్తాయి తొనల్లాంటివి, అన్నీ ఒకే పొడవు, ఒకే ఆకారం. ఏ ఒక్కటీ ప్రత్యేకం కాదు. సున్నా ఎక్కడ పెట్టాలో మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సిందే. అసలు చిక్కు అది కూడా కాదు. భూమి తిరుగుతోంది కాబట్టి ఒకే అక్షాంశం మీదున్న ఊళ్ళన్నిటికీ అదే ఆకాశం, అదే వరసలో, కాస్త ముందూ వెనకా కనిపిస్తుంది. మహారాష్ట్ర కొంకణ తీరంలో ఉన్న దాపోలి దాదాపు విశాఖ అక్షాంశం మీదే ఉంది. విశాఖలో నడినెత్తికి వచ్చిన చుక్క దాపోలిలో 40 నిమిషాల తరవాత నడినెత్తికి వస్తుంది. ఈ 40 నిమిషాలు తప్ప రెండు ఊళ్ళ ఆకాశంలో వేరే తేడా ఏమీ లేదు.

అందుకే రేఖాంశం తేడా అంటే సమయం తేడాయే. సున్నా రేఖ సమయం చూపే గడియారాన్ని ఓడలో పెట్టుకుని, ఓడ ఉన్నచోటి సమయాన్ని సూర్యుణ్ణి చూసి తెలుసుకుంటే, ఆ రెంటి తేడాయే రేఖాంశం. 24 గంటలకు 360 డిగ్రీలు, గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషాలు. డిగ్రీలో 60వ వంతు ఆర్క్ మినిట్. అది గడియారంలో 4 సెకన్లు. భూమధ్యరేఖ దగ్గర ఒక ఆర్క్ మినిట్ అంటే నేల మీద దాదాపు ఒక నాటికల్ మైలు (సముద్రపు మైలు), సుమారు 1,855 మీటర్లు. అంటే గడియారం 4 సెకన్లు తప్పితే ఓడ ఒక మైలు పక్కకు జరిగినట్టే. మీ తమ్ముడికి ఈ ఒక్క వాక్యం నిద్రలో లేపి అడిగినా రావాలి.

మన ఊళ్ళతోనే చూద్దాం. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. స్కూల్లో మీర్జాపూర్ అనీ, కాకినాడ అనీ చెబుతారు. రైల్లో విజయవాడ నుంచి విశాఖకు వెళ్తే అన్నవరం, తుని స్టేషన్ల మధ్య ఆ రేఖను దాటుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకే చేతి గడియారమూ, ఊరి సూర్యుడి సగటు లెక్కా ఒకటి. అనంతపురం 77.6 డిగ్రీల మీద ఉంది, అక్కడి సూర్యుడు గడియారం కంటే దాదాపు 20 నిమిషాలు వెనక. శ్రీకాకుళంలో ఐదున్నర నిమిషాలు ముందు. ఒకే రాష్ట్రంలో రెండు కొసలకూ 25 నిమిషాల తేడా. హైదరాబాద్ 16 నిమిషాలు వెనక. దేశం మొత్తం చూస్తే 68°7′ నుంచి 97°25′ దాకా పరుచుకుని ఉంది, దాదాపు రెండు గంటలు. ఈశాన్య రాష్ట్రాలవాళ్ళు వేరే టైమ్ జోన్ కావాలని అడగడంలో న్యాయం ఉంది మరి.

ఇంకో సరదా సంగతి. డల్లాస్ 96.8 డిగ్రీల పశ్చిమం, విశాఖ సుమారు 83.2 డిగ్రీల తూర్పు. రెండూ కలిపితే 180. అంటే డల్లాస్, ఫ్రిస్కో వైపు స్థిరపడిన విశాఖవాళ్ళు సరిగ్గా ఎదుటి రేఖాంశం మీద ఉన్నారు. ఇక్కడ సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు వాళ్ళకు నిజమైన నడిరాత్రి. దీని వల్ల ఇంకో విచిత్రం ఉంది. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగితే అది ఉత్తర ధ్రువం మీదుగానే పోతుంది. గోళం మీద దగ్గరి దారి అదే, దాదాపు 14,400 కిలోమీటర్లు. గోడకు తగిలించిన ప్రపంచపటం చూసి ‘పడమరకు పోవాలా, తూర్పుకు పోవాలా’ అని వాదించుకునేవాళ్ళకు నేను ఈ దారం చూపిస్తుంటాను.

పంచాంగం లెక్క తెలిసినవాళ్ళకు ఇదేమీ కొత్త కాదు. సూర్యసిద్ధాంతంలో సున్నా రేఖ లంక నుంచి ఉజ్జయిని మీదుగా పోతుంది. ఆ లంక నేటి శ్రీలంక కాదు, ఉజ్జయిని రేఖ భూమధ్యరేఖను కలిసేచోట అనుకున్న స్థానం. మీ ఊరు ఆ రేఖకు తూర్పునో పడమరనో ఎంత దూరముందో దాన్నిబట్టి గ్రహాల స్థానాలకు దేశాంతర సంస్కారం (రేఖాంశపు తేడాకు సవరణ) చేయాలి. మరి ఆ దూరం తెలిసేదెలా? దానికి సంపూర్ణ చంద్రగ్రహణాన్ని వాడుకోమని అందులోనే ఉంది. గ్రహణం విడిచే క్షణం అందరికీ ఒకటే, స్థానిక సమయాలే వేరు. ఉజ్జయిని రేఖకు లెక్కగట్టిన సమయం కంటే మీ ఊళ్ళో ఆలస్యంగా విడిస్తే మీరు తూర్పున ఉన్నారు, ముందే విడిస్తే పడమరన. పద్ధతి నూటికి నూరుపాళ్ళు సరైనది. కాకపోతే చంద్రగ్రహణం ఎప్పుడో గానీ రాదు, రాజ్యాల పటాలకు సరిపోతుందేమో కానీ రేపు తెల్లారేసరికి తీరం ఎక్కడుందో తెలియాల్సిన నావికుడికి కాదు.

రేఖాంశం తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి అందరూ ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న సిలీ దీవుల దగ్గర 1707 అక్టోబర్‌లో జరిగిన ప్రమాదాన్ని చెబుతారు. బ్రిటిష్ అడ్మిరల్ క్లౌడ్స్లీ షొవెల్ నౌకాదళంలో నాలుగు ఓడలు రాళ్ళకు కొట్టుకుని 1,400 మందికి పైగా చనిపోయారు. ఘోరమే. అయితే అక్కడ అక్షాంశం లెక్క కూడా తప్పింది, ప్రవాహాలూ తోశాయి. నన్నడిగితే అచ్చంగా రేఖాంశం వల్ల జరిగిన నష్టానికి బ్రిటిష్ నౌకాదళ అధికారి జార్జ్ ఆన్సన్ కథే సరైన ఉదాహరణ.

1741 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆన్సన్ సెంచూరియన్ అనే యుద్ధనౌకతో దక్షిణ అమెరికా కొస, కేప్ హార్న్‌ను తూర్పు నుంచి పడమరకు చుట్టి వస్తున్నాడు. ఎదురుగాలి, కింద తూర్పుకు తోసే ప్రవాహం. ఓడ వేగాన్నీ దిక్కునూ బట్టి కాగితం మీద కట్టే లెక్కలో (మేం డెడ్ రికనింగ్ అంటాం) ప్రవాహం కనిపించదు. పడమరకు కావలసినంత వచ్చేశామని నమ్మి ఉత్తరానికి తిప్పారు. ఒక రాత్రి వెన్నెల్లో ఎదురుగా కొండలు కనిపించాయి. తాము దాటేశామనుకున్న టియెర్రా డెల్ ఫ్యూగో తీరమే అది. మళ్ళీ దక్షిణానికి, మళ్ళీ పడమరకు. అప్పటికే ఓడ నిండా స్కర్వీ జబ్బు. చేరాల్సింది చిలీకి పడమరన పసిఫిక్‌లో ఉన్న హువాన్ ఫెర్నాండెజ్ దీవి. దాని అక్షాంశం తెలుసు, ఆ అక్షాంశం దగ్గరకు వచ్చారు కూడా. కానీ దీవి తమకు తూర్పున ఉందా, పడమరన ఉందా? దాన్ని తేల్చే సాధనం ఓడలో లేదు. దీవి కనిపించకపోయేసరికి తూర్పుకు తిప్పారు, చిలీ కొండలు ఎదురయ్యాయి, మళ్ళీ వెనక్కు తిప్పి జూన్‌లో దీవి చేరారు. ఈ వెనకా ముందుల్లో పోయిన రోజుల్లోనే పదుల మంది చనిపోయారు. అక్షాంశం పట్టుకుని నేరుగా పోతే ఎప్పటికైనా తీరం తగులుతుందన్నది ఆ కాలం నావికుల ఊరట. ఏ వైపు పోవాలో తెలిస్తేనే కదా.

షొవెల్ ప్రమాదం తరవాత, 1714లో, బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. వెస్టిండీస్ దాకా ప్రయాణంలో రేఖాంశాన్ని అర డిగ్రీలోపు తేడాతో చెప్పగలిగే పద్ధతికి 20,000 పౌండ్లు. అర డిగ్రీ అంటే రెండు నిమిషాల సమయం. ఆరు వారాల ప్రయాణంలో రెండు నిమిషాలంటే గడియారం రోజుకు 3 సెకన్లకు మించి తప్పకూడదు. నేల మీద కదలకుండా నిలబెట్టిన మంచి లోలక గడియారాలకు అది సాధ్యమే. ఊగే ఓడలో, ఇంగ్లండ్ చలి నుంచి జమైకా వేడికి పోతూ, ఉప్పు గాలి మధ్య? లోలకం ఓడతోపాటు ఊగుతుంది, వేడికి లోహం సాగుతుంది, చలికి నూనె చిక్కబడుతుంది. న్యూటన్ అంతటివాడే ఓడ గడియారం మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

పెద్దల ఆశ ఆకాశం మీద ఉండేది. గురుగ్రహపు ఉపగ్రహాలు గ్రహణంలోకి పోయే క్షణాలు ముందే లెక్కగట్టొచ్చు, ఆకాశంలో వేలాడదీసిన గడియారం లాంటివని గెలీలియో కాలం నుంచీ తెలుసు. నేల మీద ఈ పద్ధతి అద్భుతంగా పనిచేసింది. ఓడ మీద టెలిస్కోప్‌లో గురుడిని నిలపడం ఎవరికీ కుదరలేదు. రెండోది చంద్రుడు. చంద్రుడు చుక్కల మధ్య గంటకు దాదాపు తన వెడల్పంత, అంటే అర డిగ్రీ జరుగుతాడు. చంద్రుడికీ ఒక చుక్కకూ మధ్య కోణం కొలిస్తే గ్రీనిచ్ (లండన్ దగ్గర, బ్రిటిష్ నావికులు సున్నాగా పెట్టుకున్న చోటు) సమయం చెప్పొచ్చు. ఇబ్బంది ఏమిటంటే కోణంలో ఒక ఆర్క్ మినిట్ తప్పితే సమయంలో రెండు నిమిషాలు, రేఖాంశంలో అర డిగ్రీ తప్పుతుంది. పైగా గంటల తరబడి లెక్క.

యార్క్‌షైర్‌లో పుట్టిన వడ్రంగి జాన్ హారిసన్ (1693–1776) గడియారం దారే పట్టాడు. మొదటిది 1735లో తయారైంది. 1736లో దాన్ని లిస్బన్‌కు తీసుకెళ్ళిన ఓడ పేరు చూడండి, సెంచూరియన్. ఐదేళ్ళ తరవాత ఆన్సన్ దిక్కు తెలియక తిరిగింది ఇదే ఓడలో. అప్పుడు ఆ గడియారం అందులో లేదు. లిస్బన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు (అది వేరే ఓడ) ముందు కనిపించిన తీరం ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని స్టార్ట్ పాయింట్ అని ఓడవాళ్ళు అనుకున్నారు, కాదు లిజార్డ్ అని హారిసన్ అన్నాడు. అతనే కరెక్ట్. తేడా దాదాపు 60 మైళ్ళు.

అసలు విజయం 1759లో పూర్తయిన నాలుగో గడియారంతో వచ్చింది. పెద్ద యంత్రాలు వదిలేసి 13 సెంటీమీటర్ల వెడల్పున్న జేబు గడియారం ఆకారానికి వచ్చాడు. సెకనుకు ఐదుసార్లు కొట్టుకునే చక్రం కాబట్టి ఓడ ఊపు దాన్ని పెద్దగా కదపలేదు. రెండు లోహాలు అతికించిన పట్టీ వేడికి వంగి స్ప్రింగును సరిచేస్తుంది. అవే రెండు లోహాల పట్టీలు తరవాత ఇస్త్రీపెట్టె థర్మోస్టాట్ల దాకా వచ్చాయి. 1761–62లో జమైకా ప్రయాణంలో 81 రోజుల తరవాత అది 5 సెకన్లు మాత్రమే వెనకబడింది. బహుమతిని తేల్చే లాంగిట్యూడ్ బోర్డువాళ్ళు అదృష్టం అన్నారు. 1764లో బార్బడోస్ పరీక్షలో కూడా చట్టం అడిగినదానికి మూడింతలు మెరుగ్గా నిలిచింది. అయినా డబ్బు విడతలుగా, షరతులతో, గొడవలతో వచ్చింది. చివరి 8,750 పౌండ్లు 1773లో, రాజు మూడో జార్జ్ కల్పించుకున్నాక పార్లమెంటే ఇచ్చింది.

ఈ కథను గడియారం గెలిచింది, ఖగోళవేత్తలు ఓడిపోయారు అన్నట్టు చెబుతుంటారు. నాకది సగం నిజంగానే కనిపిస్తుంది. మంచి క్రోనోమీటర్ (ఓడల కోసం చేసిన కచ్చితమైన గడియారం) ఖరీదు మామూలు ఓడ యజమాని భరించలేనిది. 1767 సంవత్సరానికి మొదటిసారి వచ్చిన నాటికల్ ఆల్మనాక్ అనే నావికుల పంచాంగం, అందులోని చంద్రుడి పట్టికలు దశాబ్దాలపాటు ఓడలను నడిపించాయి. కెప్టెన్ కుక్ రెండో ప్రయాణంలో (1772–75) హారిసన్ గడియారపు నకలుతోపాటు చంద్రుడి పద్ధతీ వాడి, ఒకదానితో ఇంకొకటి సరిచూశాడు. నావికుడి బుద్ధి అది. 1831లో బయల్దేరిన బీగల్ ఓడలో 22 క్రోనోమీటర్లు ఉండేవి. ఒక్క గడియారం ఉంటే అది తప్పిందో లేదో తెలియదు. రెండుంటే ఏది తప్పిందో తెలియదు.

మనవైపు కథ మద్రాసులో ఉంది. ఈస్టిండియా కంపెనీ 1792లో నుంగంబాకంలో అబ్జర్వేటరీ కట్టింది, తీరంలోని సర్వేలన్నిటికీ ఒక గట్టి రేఖాంశం కావాలి కాబట్టి. అక్కడి ఖగోళవేత్త జాన్ గోల్డింగ్‌హామ్ 1802 నాటికి మద్రాసు గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందని తేల్చాడు. దీన్ని డిగ్రీల్లోకి మారిస్తే 80°18′30″. ఈరోజు అదే ఆవరణలో జీపీఎస్ పెడితే 80°14′50″ దగ్గర చూపిస్తుంది. తేడా సమయంలో 15 సెకన్లు, నేల మీద ఆరేడు కిలోమీటర్లు. ఆ 1802లోనే సర్వేయర్ విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర గొలుసులతో కొలత మొదలుపెట్టి దేశమంతా త్రిభుజాలు పరిచాడు. ఊళ్ళ మధ్య దూరాలు అడుగుల లెక్కన సరిగ్గా వచ్చాయి, మొత్తం దేశం మాత్రం గ్రీనిచ్ నుంచి ఎంత దూరమన్నది టెలిగ్రాఫ్ వచ్చేదాకా సెకన్ల బేరంగానే ఉండిపోయింది. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం వచ్చేముందు రైళ్ళు నడిచింది మద్రాసు టైమ్ మీదే.

గ్రీనిచ్‌కు సున్నా ఎందుకు దక్కిందన్నది పరీక్షల్లో అడిగే ప్రశ్నే కాబట్టి చెబుతున్నాను. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాలు కూర్చుంటే 22 ఒప్పుకున్నాయి. ఫ్రాన్స్, బ్రెజిల్ ఓటు వేయలేదు. అప్పటికే ప్రపంచ ఓడల సరుకులో 72 శాతం గ్రీనిచ్ చార్టుల (సముద్ర పటాల) మీద నడుస్తోంది. ఇంకో చిన్న మాట. గ్రీనిచ్‌లో ఇత్తడి గీత మీద నిలబడి ఫోన్ చూస్తే సున్నా రాదు. జీపీఎస్ సున్నా అక్కడికి 102 మీటర్లు తూర్పున ఉంది. పాత టెలిస్కోప్‌ను నిలువుగా నిలిపింది స్థానిక గురుత్వాకర్షణ. ఆ నిలువు భూకేంద్రం వైపు సరిగ్గా పోదు, కాస్త వంగుతుంది. ఉపగ్రహాల లెక్క భూకేంద్రాన్నే పట్టుకుంటుంది.

ఇప్పుడు చేతి పని. మేడ మీద ఒక కర్రను నిలువుగా పాతి దాని చుట్టూ ఒక వృత్తం గీయండి. పొద్దున నీడ కొస వృత్తం లోపలికి వచ్చే క్షణం, మధ్యాహ్నం బయటికి పోయే క్షణం రాసుకోండి. సూర్యసిద్ధాంతంలో దిక్కులు కనుక్కోవడానికి చెప్పిన శంకువు పద్ధతే ఇది. ఆ రెండు సమయాల నడిమి క్షణం మీ ఊరి నిజమైన మధ్యాహ్నం. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణం కోసం కూర్చోకండి, ఆ సమయంలో నీడ పొడవు చాలాసేపు మారనే మారదు, క్షణం దొరకదు. విశాఖలో నవంబర్ 3న చేస్తే ఆ నడిమి క్షణం సుమారు 11:40 వస్తుంది. ఫిబ్రవరి 11న చేస్తే 12:11. ఊరు కదల్లేదు కదా, అరగంట ఎందుకు మారింది? భూమి కక్ష్య గుండ్రంగా లేకపోవడం, ఇరుసు వంగి ఉండడం వల్ల సూర్యుడు మన గడియారాలంత క్రమంగా నడవడు. ఈ తేడాను ఈక్వేషన్ ఆఫ్ టైమ్ అంటాం. నవంబర్ మొదట్లో సూర్యుడు 16 నిమిషాల 25 సెకన్లు ముందు, ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనక.

నవంబర్ 3 లెక్క చేద్దాం. గ్రీనిచ్‌లో ఆరోజు నిజమైన మధ్యాహ్నం 11:43:35కి. మీ నడిమి క్షణం 11:40:20, అందులోంచి ఐదున్నర గంటలు తీసేస్తే గ్రీనిచ్ టైమ్ 06:10:20. తేడా 5 గంటల 33 నిమిషాల 15 సెకన్లు. 15తో హెచ్చిస్తే 83°18′45″ తూర్పు. విశాఖ! నీడ కొసను అర నిమిషం అటూ ఇటూ చూస్తే 13 కిలోమీటర్లు తప్పుతారు. కర్రా సుద్దముక్కతో అది తక్కువేమీ కాదు.

ఓడ మీద కర్ర బదులు కోణాలు కొలిచే సెక్స్‌టెంట్, సమయానికి ఫోన్ బదులు క్రోనోమీటర్. మా రోజుల్లో అది అద్దం మూతున్న చెక్కపెట్టెలో, ఓడ ఎటు వంగినా తను మట్టంగా ఉండేలా గింబల్స్‌లో వేలాడుతుండేది. రోజూ ఒకే వేళకు, ఒకే లెక్కన కీ ఇవ్వాలి. తప్పు సమయం చూపిస్తున్నా ముళ్ళు కదపకూడదు. రేడియోలో టైమ్ సిగ్నల్ విని ఎంత తప్పిందో పుస్తకంలో రాసుకుంటాం. రోజుకు కచ్చితంగా 2 సెకన్లు ముందుకు పోయే క్రోనోమీటర్ మంచిదే, ఎందుకంటే లెక్కలో తీసేయొచ్చు. ఒకరోజు అర సెకను ముందు, ఇంకోరోజు ఒక సెకను వెనక పోయేదే పనికిరానిది.

సైట్ తీసేటప్పుడు (సూర్యుడిదో చుక్కదో ఎత్తు కొలవడాన్ని అలా అంటాం) ఒకరు బ్రిడ్జి వింగ్ మీద, అంటే ఓడ నడిపే గది పక్కన ఆరుబయట నిలబడి, సెక్స్‌టెంట్‌లో సూర్యుడి కింది అంచును దిగంతానికి ఆనించి ‘స్టాప్’ అంటారు, లోపల రెండోవాళ్ళు టైమ్ రాస్తారు. ముందు సెకన్లు, తరవాత నిమిషాలు, చివర గంటలు. కొత్త క్యాడెట్ గంటల నుంచి మొదలుపెడతాడు, సెకన్లకు వచ్చేసరికి ముల్లు జరిగిపోయి ఉంటుంది. రేఖాంశానికి మధ్యాహ్నం కంటే సూర్యుడు సరిగ్గా తూర్పునో పడమరనో ఉన్న వేళే మేలు, అప్పుడు సూర్యుడి ఎత్తు వేగంగా మారుతుంది కాబట్టి. నిజానికి ఒక్క సైట్‌తో ఒక బిందువు రాదు, ఒక గీతే వస్తుంది. 1837లో అమెరికన్ కెప్టెన్ థామస్ సమ్నర్ ఈ సంగతి గమనించాకే సైట్ల గీతలు ఒకదానిమీద ఒకటి దాటించే పద్ధతి వచ్చింది. సూర్యుడు తూర్పున ఉంటే ఆ గీత ఉత్తర దక్షిణాలుగా పడుతుంది, అంటే రేఖాంశాన్నే ఇస్తుంది.

చార్టు మీద రేఖాంశం ఇంకో రకంగా మోసం చేస్తుంది. రేఖాంశాలు ధ్రువాల దగ్గర కలిసిపోతాయి కాబట్టి ఒక డిగ్రీ వెడల్పు అన్నిచోట్లా ఒకటి కాదు. భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లు, విశాఖ దగ్గర 106, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర 56. ఓడల్లో వాడే మెర్కేటర్ చార్టులో మాత్రం అన్నీ సమాంతరంగా సమాన దూరంలో కనిపిస్తాయి. అందుకే మైళ్ళు కొలవాలంటే డివైడర్‌ను చార్టు పక్క అంచున, ఓడ ఉన్న అక్షాంశానికి ఎదురుగానే పెట్టాలి. పై అంచున, కింది అంచున ఉండే రేఖాంశం స్కేలు మీద పెట్టకూడదు.

నేల మీద ఉన్నవాళ్ళు చేసే పొరపాట్లు వేరే. 83.30 డిగ్రీలూ, 83 డిగ్రీల 30 మినిట్లూ ఒకటే అనుకుంటారు. రెండోది అసలు 83.50, తేడా 21 కిలోమీటర్లు. ఓడల్లో మేం 83°18.7′ అని మినిట్లకే దశాంశం పెడతాం. మ్యాప్ యాప్‌లలో అక్షాంశం ముందు, కొన్ని కంప్యూటర్ ఫైళ్ళలో రేఖాంశం ముందు. విశాఖ అంకెలను తారుమారు చేసి 83.3, 17.7 అని కొడితే స్వాల్‌బార్డ్ దీవులకు ఉత్తరాన ఆర్కిటిక్ మంచులో తేలుతారు.

180 డిగ్రీల దగ్గర తేదీ మారే సంగతి మీకు తెలిసిందే. పసిఫిక్ దాటే ఓడల్లో తూర్పుకు పోతే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది, పుట్టినరోజు వాళ్ళకు రెండు కేకులు. పడమరకు పోతే ఒక రోజు మాయం. 1522లో ప్రపంచాన్ని చుట్టి వస్తూ కేప్ వర్డ్‌లో ఆగిన మెజెల్లాన్ నావికులు తమ లెక్క బుధవారమైతే ఒడ్డున గురువారం కావడం చూసి బిత్తరపోయారు. సమోవా దేశం 2011లో డిసెంబర్ 30ని ఏకంగా క్యాలెండర్ నుంచి తీసేసి రేఖకు ఇటువైపు వచ్చేసింది.

ఇక జీపీఎస్. అది కూడా గడియారమే. ఉపగ్రహాల్లో అణు గడియారాలుంటాయి. సిగ్నల్ బయల్దేరిన సమయం, చేరిన సమయం, మధ్యలో కాంతి వేగం. మైక్రోసెకను తప్పితే 300 మీటర్లు తప్పినట్టు. హారిసన్ లెక్కే, సెకన్ల బదులు నానోసెకన్లు. కానీ ఆ సిగ్నల్ చాలా బలహీనం, నొక్కేయడమూ నకిలీ పంపడమూ కష్టం కాదు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో రష్యా రేవు నొవొరొసీస్క్ దగ్గరున్న ఓడలకు జీపీఎస్ తాము నేల మీద, విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించింది. ఓడ ఎయిర్‌పోర్టులో ఉంటే ఎవరైనా నవ్వి పక్కన పెడతారు. రెండు మైళ్ళు మాత్రమే పక్కకు చూపించే నకిలీయే ప్రమాదం. తీరం దగ్గరైతే రాడార్‌తో, లైట్‌హౌస్ బేరింగ్‌తో, నీటి లోతుతో సరిచూస్తాం. నడిసముద్రంలో సరిచూడటానికి సూర్యుడూ చుక్కలే ఉన్నాయి. ఓడ సిబ్బంది శిక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఎస్‌టీసీడబ్ల్యూ నియమాలు ఇప్పటికీ సెలెస్టియల్ నావిగేషన్ (సూర్యుడూ చుక్కలతో చోటు కనుక్కోవడం) రావాలంటాయి. ఒకసారి మానేసిన అమెరికా నౌకాదళం కూడా మళ్ళీ నేర్పడం మొదలుపెట్టింది.

కాబట్టి మీ తమ్ముడు నేర్చుకోవాల్సిందే, ఓరల్స్‌లో (నోటి పరీక్షల్లో) తప్పించుకోలేడు కూడా. నేను మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటి ఇచ్చి చూడండి. క్రోనోమీటర్ 8 సెకన్లు వెనకబడి ఉంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. చార్టు మీద ఓడ నిజమైన చోటుకు ఎటువైపు, ఎంత దూరంలో పడుతుంది? జవాబు, రెండు ఆర్క్ మినిట్లు తూర్పున. తూర్పు రేఖాంశాల్లో ఉన్నా, పశ్చిమ రేఖాంశాల్లో ఉన్నా తూర్పునే. ఎందుకో అతన్నే గీసి చూపించమనండి.